టెక్నికల్ రైటింగ్‌కి యూనివర్సిటీ చదువు కావాలా, బెంగళూరులో నేరుగా ఉద్యోగాలకి ప్రయత్నించొచ్చా?

మడివాల_ఈసీఈ

అందరికీ నమస్కారం అండీ. బీటెక్ ఈసీఈ, బెంగళూరులో ప్రొడక్ట్ సపోర్ట్‌లో రెండేళ్ళ అనుభవం. టికెట్లకి జవాబులివ్వడం, నాలెడ్జ్ బేస్ ఆర్టికల్స్ రాయడం రోజువారీ పనే. టెక్నికల్ రైటర్‌గా (ప్రొడక్టుల మాన్యువళ్ళు, గైడ్లు రాసే పనికి) మారాలనుకుంటున్నాను. కనిపిస్తున్న దారులు: విదేశంలో టెక్నికల్ కమ్యూనికేషన్ మాస్టర్స్, ఉద్యోగం చేస్తూ దూరవిద్యలో డిప్లొమా, మూడు నెలల ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్, లేదా ఏదీ లేకుండా సొంతంగా నేర్చుకోవడం.

ఇక్కడి ఉద్యోగ ప్రకటనల్లో "ఇంజనీరింగ్ లేదా ఇంగ్లీష్ డిగ్రీ" అని ఉంటోంది గానీ టెక్నికల్ కమ్యూనికేషన్ డిగ్రీ అడిగినవి నాకు కనబడలేదు. మరి యూనివర్సిటీలో చదివితే అదనంగా వచ్చేదేంటి? సొంతంగా నేర్చుకుంటే ఏది మిస్సవుతాం? "ఆసక్తి ఉంటే చాలు" లాంటి మాటలు వద్దండీ, సిలబస్, టూల్స్, ఇంటర్వ్యూ లెక్కన చెప్పండి.

పాతమాన్యువల్

ప్రకటనల్లో ఎందుకు అడగరంటే, మన దేశంలో ఈ సబ్జెక్టులో పూర్తి డిగ్రీ ఇచ్చే చోట్లు బాగా తక్కువ. అదే కావాలని పట్టుబడితే కంపెనీకి అప్లికేషన్లే రావు. బీటెక్‌లో మనం చదివే ఇంగ్లీష్ పేపర్లు, ల్యాబులు రిపోర్టు, ఉత్తరం, ప్రెజెంటేషన్ చుట్టూ తిరుగుతాయి. సూచనలు రాయడం ఉన్నా ఒక ఎక్సర్‌సైజుగా వచ్చి పోతుంది. రాసినదాన్ని ఇంకొకరి చేతికిచ్చి "ఇది చూసి పని చేయి" అని ఎవరూ అనరు.

సరైన కోర్సులో నేర్పేది ముఖ్యంగా అదే. మొదటిది టాస్క్ ఎనాలిసిస్. రౌటర్ ఫర్మ్‌వేర్ (పరికరం లోపల నడిచే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ తీసుకోండి. ఇంజనీరు ఇచ్చే సమాచారం ఇంతే: ఎడ్మిన్ పేజీ తెరువు, ఫైల్ ఎంచుకో, అప్‌గ్రేడ్ నొక్కు. మూడు స్టెప్పులు. ఎనాలిసిస్ చేసినవాడు ఆ మూడింటికి ముందూ వెనకా ఏముందో అడుగుతాడు. ఒకే మోడల్‌లో వీ1, వీ2 అని హార్డ్‌వేర్ రివిజన్లు ఉంటే ఏ ఫైల్ దేనికి, ఆ రివిజన్ నంబర్ పెట్టె మీద ఉందా, రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉందా? వైఫై మీద ఉండి అప్‌డేట్ చేస్తే మధ్యలో లింకు తెగొచ్చు కాబట్టి కేబుల్ పెట్టమని చెప్పాలా? ఫ్లాష్ మెమరీలో రాత జరుగుతుండగా కరెంటు పోతే డబ్బా ఇక బూట్ కాకపోవచ్చు, మరి లైటు ఎలా వెలుగుతున్నంతసేపు స్విచ్ ముట్టుకోకూడదు? అయిపోయాక వెర్షన్ నంబర్ ఎక్కడ చూసుకోవాలి? సెట్టింగులు చెరిగిపోతాయా? పోతే బ్యాకప్ స్టెప్ మొదట్లోకి రావాలి. మూడు స్టెప్పులు ఇలా పది అవుతాయి, వాటిలో సగం ఇంజనీరు నోటినుంచి ఎప్పుడూ రావు. ఆయనకి అవి అలవాటైపోయి కనబడవు. ఆ ప్రశ్నలు వరసగా అడిగే అలవాటు పుస్తకం చదివితే రాదు, రెండు మూడు సెమిస్టర్లు ఎవరో వెంటపడి అడిగిస్తే వస్తుంది.

రెండోది యూజబిలిటీ టెస్ట్. రాసిన మాన్యువల్‌ని ఐదుగురికిచ్చి, నోరు మూసుకుని పక్కన కూర్చుని చూడటం. ఐదుగురు చాలన్న మాట జాకబ్ నీల్సన్ 2000లో రాసిన వ్యాసంతో బాగా పాకింది. ఎక్కువమందితో ఒక్కసారి చేసేకన్నా ఐదుగురితో చేసి, దిద్ది, మళ్ళీ ఐదుగురితో చేయడం మేలన్నది అసలు వాదన. చేసినవాళ్ళకి వెంటనే తెలిసేదొకటుంది: ముందు పేరా ఎవరూ చదవరు, కళ్ళు నేరుగా "1" మీదకి పోతాయి. కాబట్టి హెచ్చరిక ముందుమాటలో పెడితే పెట్టనట్టే. ప్రమాదం ఏ స్టెప్పులో ఉందో సరిగ్గా దాని నెత్తిన ఉండాలి.

అందుకే కోర్సు పేరు చూడకండి, సిలబస్ తెప్పించుకుని ఇవి వెతకండి: ఎడిటింగ్‌కి వేరే పేపరుందా, అసైన్‌మెంట్ ఎన్నిసార్లు దిద్ది వెనక్కిస్తారు, తిరగరాసినదానికి మార్కులున్నాయా, యూజబిలిటీ టెస్ట్ చేయిస్తారా, ఎక్స్‌ఎంఎల్ మీదో ఇంకెలాగో సింగిల్ సోర్సింగ్ (ఒక్కసారి రాసిందాన్నే చాలాచోట్ల, చాలా రూపాల్లో వాడటం) చేతికిస్తారా. సిలబస్ నిండా కమ్యూనికేషన్ థియరీలు, మీడియా చరిత్ర, పబ్లిక్ రిలేషన్స్ ఉండి, చివర మూడు గంటల రాతపరీక్షతో తేల్చేస్తే అది బోర్డు మార్చిన మాస్ కమ్యూనికేషనే. దూరవిద్య అయితే యూజీసీ దూరవిద్యా బ్యూరో జాబితాలో ఆ సంస్థతోపాటు ఆ కోర్సు పేరు కూడా ఉందేమో చూసుకోండి. సంస్థకి గుర్తింపు ఉండి కోర్సుకి లేని కేసులుంటాయి.

కమిట్_పుష్

పెద్దాయన చెప్పింది కాదనను గానీ బెంగళూరులో ఎక్కువ ఖాళీలు సాఫ్ట్‌వేర్‌వి: సాస్ (చందా కట్టి నెట్‌లో వాడే సాఫ్ట్‌వేర్), క్లౌడ్, ఏపీఐ (ఒక ప్రోగ్రాం ఇంకో ప్రోగ్రాంని పని అడిగే దారి). అక్కడ గేటు డిగ్రీ దగ్గర లేదు, రైటింగ్ టెస్ట్ దగ్గర ఉంది. ఇంటికిచ్చే అసైన్‌మెంట్‌ని ఏఐతో రాయించేస్తున్నారని ఎదురుగా కూర్చోబెట్టి ఎడిట్ చేయించేవాళ్ళు పెరిగారు. ఒక పేజీ గజిబిజి నోట్స్ ఇస్తారు, దాన్ని ప్రొసీజర్‌గా మార్చమంటారు, తర్వాత "ఈ వాక్యం ఎందుకు తీసేశావు" అని ఒక్కోటీ అడుగుతారు. మీరు రాసింది బాగుందా అన్నదానికంటే కారణం చెప్పగలరా అన్నదే ఎక్కువ చూస్తారు.

నోట్స్‌లో సాధారణంగా దాచిపెట్టే ఉచ్చు: "సర్వీస్ రీస్టార్ట్ చేయండి, అయితే దానికి ముందు కాన్ఫిగ్ ఫైల్ కాపీ తీసి పెట్టుకోండి." వాక్యంలో తప్పు లేదు. చదువుతూ చేసేవాడు మాత్రం కామా దగ్గరే రీస్టార్ట్ చేసేస్తాడు. వరస తిప్పకుండా భాష మాత్రం నున్నగా చేసి ఇచ్చినవాళ్ళు అక్కడే పోతారు.

నేర్చుకోవాల్సినవి: ఫైళ్ళ మార్పుల చరిత్ర ఉంచే గిట్ (క్లోన్, బ్రాంచ్, కమిట్, పుల్ రిక్వెస్ట్, కాన్‌ఫ్లిక్ట్ తీర్చడం, ఇంతే చాలు), మామూలు టెక్స్ట్‌లో గుర్తులతో పేజీ రాసే మార్క్‌డౌన్, ఆ ఫైళ్ళని వెబ్‌సైటుగా మార్చే ఎమ్‌కేడాక్స్ లేదా డాక్యుసారస్‌లో ఏదో ఒకటి, కర్ల్ లేదా పోస్ట్‌మన్‌తో ఏపీఐ కాల్ చేయడం, ఓపెన్‌ఏపీఐ ఫైల్ (ఏపీఐలో ఏముందో వర్ణించే ఫైల్) చదవడం. సపోర్ట్‌లో ఉన్నారు కాబట్టి నెలన్నరలో పట్టుబడతాయి. గూగుల్ ఇచ్చే టెక్నికల్ రైటింగ్ వన్, టూ కోర్సులు ఉచితం, ముందు అవి చదవండి. రెండు మూడు సాయంత్రాల పని.

మార్క్‌డౌన్‌లో కొత్తవాళ్ళందరూ పడే గుంట ఒకటుంది. నంబర్ల జాబితా మధ్యలో కోడ్ బ్లాక్ పెడతారు, పేజీలో చూస్తే తర్వాతి స్టెప్ మళ్ళీ 1 అని పడుతుంది. బ్లాక్‌ని లోపలికి జరపకపోవడమే కారణం, జాబితా అక్కడికి తెగిపోతుంది. ఎమ్‌కేడాక్స్ వాడే పైథాన్-మార్క్‌డౌన్‌కి 4 స్పేస్‌లు కావాలి. గిట్‌హబ్ ప్రివ్యూలో 3తో సరిగ్గానే కనబడుతుంది, సైట్ బిల్డ్ అయ్యాక విరుగుతుంది. అందుకే ప్రివ్యూని నమ్మి మెర్జ్ చేయొద్దు, లోకల్‌గా బిల్డ్ చేసి చూడండి.

ఏపీఐ శాంపిల్ రాస్తే ఎండ్‌పాయింట్ల (ఏపీఐలో కాల్ చేసే చిరునామాల) పట్టిక పెట్టి వదిలేయకండి, అది టూల్ కూడా తీసిస్తుంది. టోకెన్ (లోపలికి రానిచ్చే రహస్య కోడ్) ఎక్కడ తెచ్చుకోవాలి, రిజల్టులు వందలుంటే పేజీలెలా తిప్పాలి, రేట్ లిమిట్ (ఇంత సమయంలో ఇన్నే కాల్స్ అన్న హద్దు) దాటి 429 ఎర్రర్ వస్తే ఎంతసేపు ఆగాలి: ఇవి రాయండి. 401 ఎర్రర్‌కీ 403 ఎర్రర్‌కీ తేడా చెప్పండి. మొదటిది "నువ్వెవరో రుజువు కాలేదు", రెండోది "నువ్వెవరో తెలిసింది, నీకు అనుమతి లేదు". రెండింటికీ "యాక్సెస్ ఎర్రర్" అని ఒకే లైను రాస్తే డెవలపర్ పూటంతా టోకెన్ మార్చుకుంటూ కూర్చుంటాడు. ఉదాహరణకిచ్చే రెస్పాన్స్ నిజంగా కాల్ చేసి తెచ్చిందై ఉండాలి, చేత్తో టైప్ చేసిన జేసన్ డేటాలో కామా పోవడం ఖాయం.

పోర్ట్‌ఫోలియోకి మూడు చాలు: ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో మెర్జ్ అయిన డాక్ మార్పు, ఒక ఏపీఐ గైడ్, ఒక "ముందు–తర్వాత" జత (గజిబిజిగా ఉన్న పేజీ, మీరు దాన్ని తిరగరాసిన పేజీ). ఆఫీసు డాక్యుమెంట్లు మాత్రం పెట్టకండి, పేర్లు చెరిపేసినా సరే. రహస్య ఒప్పందం సంగతి అటుంచి, "మా డాక్యుమెంట్లు రేపు వీడు ఎక్కడ పెడతాడో" అని అవతలివాళ్ళకి అక్కడికక్కడే అనుమానం.

ఎర్రపెన్ను

పై జవాబులో సగంతో ఒప్పుకోను. టూల్స్ నెలన్నరలో వస్తాయి, నిజమే. సరిగ్గా అందుకే అందరి దగ్గరా అవే ఉంటాయి. పోర్ట్‌ఫోలియోలు తెరిస్తే గిట్ ఉంటుంది, థీమ్ అందంగా ఉంటుంది, పేజీలో మాత్రం కాన్సెప్టు, స్టెప్పులు, పారామీటర్ల పట్టిక కిచిడీ అయి ఉంటాయి. ఏది ఎక్కడ విడదీయాలో ఎవరూ చెప్పలేదు మరి. కోర్సు చేయకపోయినా ఆ చదువు తప్పదు.

పైగా బెంగళూరంటే సాస్ ఒక్కటే కాదండీ. హెచ్‌ఏఎల్ చుట్టూ విమాన రంగం ఉంది, వైద్య పరికరాలున్నాయి, జర్మన్ యంత్రాల కంపెనీలున్నాయి. అక్కడ రాత కూడా ప్రొడక్టులో భాగమే, తప్పుంటే ఆడిట్‌లో పట్టుబడుతుంది. విమాన మెయింటెనెన్స్ మాన్యువళ్ళకి ఏఎస్‌డీ-ఎస్‌టీఈ100 అనే నియమాలున్నాయి. ప్రొసీజర్ వాక్యం 20 పదాలు దాటకూడదు, వివరణ వాక్యం 25 దాటకూడదు, పేరాలో ఆరు వాక్యాలకి మించకూడదు, మూడుకంటే ఎక్కువ నామవాచకాలు గొలుసులా పేర్చకూడదు. అనుమతించిన పదాల నిఘంటువు ఉంటుంది, ఒక పదానికి ఒకే అర్థం. స్పెసిఫికేషన్ కాపీ అడిగితే ఉచితంగానే ఇస్తారు.

హెచ్చరికల సంగతీ అంతే. ఆన్సీ జడ్535 అనే అమెరికా భద్రతా హెచ్చరికల ప్రమాణం ప్రకారం "డేంజర్" అంటే తప్పించుకోకపోతే ప్రాణం పోవడమో తీవ్ర గాయమో ఖాయం, "వార్నింగ్" అంటే అదే జరిగే అవకాశం ఉంది, "కాషన్" అంటే చిన్న, మధ్యస్థ గాయం, "నోటీస్" అంటే మనిషికి ఏమీ కాదు, వస్తువు పాడవుతుంది. ఫైల్ డిలీట్ అవుతుందని చెప్పడానికి "వార్నింగ్" పెట్టిన శాంపిల్‌తో యంత్రాల కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్తే పని అయిపోయినట్టే. సాఫ్ట్‌వేర్‌లో అది చెల్లుతుంది, ఇక్కడ చెల్లదు. ఏది ఎక్కడ చెల్లుతుందో తెలియడానికే ఐఈసీ/ఐఈఈఈ 82079-1 (వాడే సూచనలు ఎలా రాయాలో చెప్పేది, ప్రస్తుతం 2019 ఎడిషన్) లాంటి ప్రమాణాలు మంచి కోర్సుల్లో చదివిస్తారు. యూట్యూబులో ఇవి నేర్పేవాళ్ళు తక్కువ, చూసేవాళ్ళు ఇంకా తక్కువ.

ఇంగ్లీష్ గురించి కూడా చెప్పాలి. మనకి కలిసొచ్చేది ఒకటుంది: తెలుగు వాక్యంలో షరతు ముందు, పని చివర. "లైటు ఎర్రగా ఉంటే బటన్ నొక్కండి" అని సహజంగా అంటాం. ఇంగ్లీషులోకి వెళ్ళగానే "ప్రెస్ ద బటన్ ఇఫ్ ద లైట్ ఈజ్ రెడ్" అని తిప్పేస్తాం, "ఇఫ్" దాకా వచ్చేలోపు చదివేవాడి వేలు బటన్ మీద ఉంటుంది. గూగుల్ స్టైల్ గైడ్ కూడా షరతు ముందు పెట్టమనే చెబుతుంది. ఎదురొచ్చేవి మూడు: "ద", "ఎ" ఎగిరిపోవడం, ప్రతిదానికీ "విల్" (విండో "విల్ ఓపెన్" కాదు, "ఓపెన్స్"), "షుడ్". "ద లైట్ షుడ్ బ్లింక్" అంటే లైటు వెలుగుతుందనా, వెలిగేలా నేను ఏదైనా చేయాలనా? తప్పనిసరైతే "మస్ట్", ఫలితమైతే వర్తమానం. ఎడిటింగ్ పేపరున్న కోర్సులో ఇవి ఎర్రగీతలుగా ఓ యాభైసార్లు వెనక్కొస్తాయి. సొంతంగా నేర్చుకుంటే ఆ గీతలు గీసేదెవరు? ఆ మనిషిని వెతుక్కోవడమే మీ అసలు ఖర్చు అనుకోండి.

మడివాల_ఈసీఈ

చాలా థాంక్స్ అండీ, ఇంత వివరంగా వస్తుందనుకోలేదు. ఇంకో రెండు. ఒకటి, మాస్టర్స్ అయితే జర్మనీ, ఐర్లాండ్‌లలో ఏది నయం? రెండు, బీటీఎంలో ఒక ఇన్‌స్టిట్యూట్ మూడు నెలలకి ఫీజు కట్టించుకుని చివర్లో ఎస్‌టీసీ (అమెరికాలోని టెక్నికల్ రైటర్ల సంఘం) సర్టిఫికేషన్ రాయిస్తామంటోంది. తీసుకోవచ్చా?

కమిట్_పుష్

రెండోదానికి: ఎస్‌టీసీ 2025 జనవరిలో మూతపడింది. దివాలా ప్రకటించి మొత్తం రద్దు చేసుకున్నారు. మూతపడిన సంస్థ పరీక్ష రాయిస్తామంటున్నారంటే బ్రోచర్ ఎప్పటిదో ఆలోచించుకోండి, సిలబస్ కూడా ఆ కాలానిదే అయి ఉంటుంది. అయినా వెళ్ళాలనిపిస్తే ఒక డెమో క్లాసులో మీరు రాసిన పేజీ ఇచ్చి "దిద్ది ఇవ్వండి" అని అడగండి. దిద్దితే ఆలోచించండి. "ముందు అడ్మిషన్ తీసుకోండి సార్" అంటే లేచి వచ్చేయండి.

పాతమాన్యువల్

జర్మనీలో ఈ రంగానికి యూనివర్సిటీ చదువు గట్టిగా ఉండటానికి కారణం చట్టం. యూరప్‌లో యంత్రం అమ్మాలంటే దానితోపాటు సూచనలు ఇవ్వడం తప్పనిసరి, అదీ అమ్మే దేశపు భాషలో. ఇప్పుడున్న 2006/42/ఈసీ డైరెక్టివ్ స్థానంలో 2023/1230 రెగ్యులేషన్ 2027 జనవరి 20 నుంచి అమల్లోకి వస్తుంది, దాంతో సూచనలు డిజిటల్‌గా ఇవ్వడానికి దారి తెరుచుకుంటోంది. అక్కడి వృత్తి సంఘం టెకోమ్ కూడా బలంగా ఉంది. అయితే కార్ల్స్‌రూ లాంటి చోట ఈ కోర్సులు జర్మన్ భాషలో నడుస్తాయి, పైగా బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో యూరోపియన్ యూనియన్ బయటివాళ్ళకి సెమిస్టర్‌కి 1500 యూరోల ఫీజు. భాషకే ఏడాదిన్నర, రెండేళ్ళు పోతుంది. అది పెట్టగలిగితే యంత్రాల రంగంలో దానికి సాటి లేదు, బెంగళూరుకి తిరిగొచ్చినా జర్మన్ కంపెనీల్లో పనికొస్తుంది.

ఐర్లాండ్‌లో లిమరిక్ యూనివర్సిటీ ఎంఏ ఇంగ్లీషులో, పూర్తికాలం చదివితే ఏడాది. టెక్నికల్ కమ్యూనికేషన్, ఈ-లెర్నింగ్ కలిపి ఉంటుంది. సాఫ్ట్‌వేర్ వైపు వెళ్ళేవాళ్ళకి ఇదే దగ్గరి దారి. ఒక్క లెక్క మాత్రం వేసుకోండి: చదువయ్యాక అక్కడే ఉద్యోగం దొరుకుతుందన్న ఆశ మీద ఖర్చు పెడుతుంటే అది వేరే పందెం. చదువు కోసమైతే పెట్టండి. బెంగళూరులో ఉద్యోగం కోసమే అయితే ఆ డబ్బు అక్కర్లేదు, ఆ సిలబస్ చాలు. పేపర్ల వివరాలు వెబ్‌సైటులో ఉంటాయి, వరస అదే పెట్టుకుని ఇక్కడే చదవండి.

ఎర్రపెన్ను

మడివాల గారూ, మొదటి శాంపిల్ కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు, సపోర్ట్ అనుభవమే వాడండి. డిటా అని, డాక్యుమెంట్లని టాపిక్ ముక్కలుగా రాసే ఎక్స్‌ఎంఎల్ ప్రమాణం ఒకటుంది. డిటా 1.3లో (2015) కాన్సెప్ట్, టాస్క్, రిఫరెన్స్‌లకి తోడుగా ట్రబుల్‌షూటింగ్ టాపిక్ చేర్చారు. దాని ఒళ్ళు మూడు ముక్కలు: కండిషన్, కాజ్, రెమెడీ. అంటే లక్షణం, కారణం, మందు. మీరు రోజూ టికెట్లో రాసేదే. ఆక్సిజన్ ఎక్స్‌ఎంఎల్ ఎడిటర్ 30 రోజుల ట్రయల్ దొరుకుతుంది, పబ్లిష్ చేసే డిటా ఓపెన్ టూల్‌కిట్ ఉచితం.

ఆఫీసు ప్రొడక్ట్ వద్దు, ఇంట్లో ఉన్న ప్రింటరో రౌటరో తీసుకోండి. శీర్షిక వాడేవాడి నోటి మాటలా ఉండాలి. "డీహెచ్‌సీపీ లీజ్ వైఫల్యం" అని పెడితే ఎవడూ వెతకడు, "వైఫై కలిసింది గానీ ఇంటర్నెట్ రావట్లేదు" అని వెతుకుతారు. ఒకే లక్షణానికి రెండు కారణాలుంటే రెండింటినీ ఒకే పేరాలో కుక్కకండి, కారణం–మందు జతని ఒక ట్రబుల్‌సొల్యూషన్ ఎలిమెంట్‌లో పెట్టి, రెండో జతకి ఇంకొకటి తెరవండి. ముందు ఏది రావాలంటే ఎక్కువసార్లు జరిగేది కాదు, తక్కువ శ్రమతో చూసుకోగలిగేది. కేబుల్ ఊడిందా అన్నది ఫ్యాక్టరీ రీసెట్‌కి ముందుండాలి. రెమెడీలో ప్రతి స్టెప్పుకీ ఒకే పని, కమాండ్ ఎలిమెంట్‌లో పని మాత్రమే, దాని వల్ల కనబడేది స్టెప్‌రిజల్ట్‌లో. "సేవ్ నొక్కితే రౌటర్ రీస్టార్ట్ అవుతుంది, మళ్ళీ లాగిన్ అవండి" అన్నది ఒక స్టెప్పు కాదు, రెండు స్టెప్పులూ ఒక ఫలితమూ.

అది రాసి ఇక్కడే లింకు పెట్టండి, గీతలు నేను గీస్తాను.